చెరగని సిరా, చెడని కలం

వేలూరు జిల్లాలో రెండు పాత వృత్తులు పక్కపక్కనే బతికాయి. పేర్నాంబట్టు వైపు తోళ్ళు పదును చేస్తారు. గుడియాత్తంలో మగ్గాల మీద లుంగీలు నేస్తారు, వాటి నూలుకు రంగు అద్దుతారు. ఫౌంటెన్ పెన్నులో పోసే చెరగని ఇంకుల సంగతి తెలుసుకోవాలంటే ఈ రెండు పనులకు మించిన బడి లేదని నా నమ్మకం. ఆ ఇంకుల్లో ఒక రకానికి ఆధారం తోలు పదును చేసే రసాయనం. ఇంకో రకానికి ఆధారం నూలుకు రంగు పట్టించే రసాయనం. మూడో రకం మసి.

చెరగని ఇంకు పోస్తే కలం పాడవుతుందని పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఏ ఇంకు, ఎందుకు, ఎంతకాలానికి పాడుచేస్తుందో విడదీసి చెప్పకపోవడంతో చాలామంది జీవితమంతా నీటికి చెరిగే రాయల్ బ్లూతోనే గడిపేశారు. ఇంకు కాగితం మీద స్థిరపడాలంటే ఏదో ఒకటి జరగాలి. ఒకదానికి గాలి అందాలి, ఒకదానికి పత్తిలాంటి నార అందాలి, ఒకదానికి తడి పోతే చాలు. ఏ ఇంకు దేనితో స్థిరపడుతుందో తెలిస్తే అది కలం లోపల జరగకుండా చూసుకోవచ్చు. వాడకమైనా, శుభ్రం చేయడమైనా మొత్తం విద్య ఇంతే.

ముందు చెరిగే ఇంకు సంగతి చూద్దాం. బడిపిల్లల రాయల్ బ్లూ నీటిలో కరిగిన సేంద్రియ రంగు, అంతే. ట్రైఫినైల్ మీథేన్ అనే కుటుంబంలోది. కాగితం మీద నీరు ఆరిపోతే రంగు నారల మధ్య మిగులుతుంది తప్ప వాటిని పట్టుకోదు. మళ్ళీ నీరు తగిలితే లేచి వస్తుంది. చొక్కా మీద పడినా ఉతికితే పోతుంది, కలంలో ఎండినా నానబెడితే కరుగుతుంది. బడికి ఇది వరమే. దస్తావేజు మీద సంతకానికి, చెక్కు మీద అంకెలకు, ముప్పయి ఏళ్ళు దాచుకోవలసిన డైరీకి మాత్రం పనికిరాదు. ఇక ‘పర్మనెంట్’ అని సీసా మీద ఉన్నంత మాత్రాన అది నీటికి నిలుస్తుందని అనుకోకూడదు. పార్కర్ సంస్థ 1931లో తెచ్చిన క్వింక్ దగ్గర్నుంచి చాలా కంపెనీల ‘పర్మనెంట్’ రంగులు వెలుతురుకు, ఉతుకుకు కాస్త ఎక్కువగా ఆగే మామూలు రంగులే. గ్లాసుడు నీళ్ళు ఒలికితే అవీ కదిలిపోతాయి.

ఇప్పుడు తోళ్ళ దగ్గరికి వద్దాం. పచ్చి తోలు రెండు రోజుల్లో కుళ్ళుతుంది. దాన్ని చెట్ల బెరడు నానిన నీళ్ళలో వారాల తరబడి ఊరబెడితే బెరడులోని టానిన్లు తోలులోని ప్రోటీన్ పోగుల్ని ఒకదానికొకటి కట్టేస్తాయి. తరవాత కుళ్ళడం ఉండదు. దక్షిణాది తోళ్ళ వ్యాపారాన్ని మొదట నిలబెట్టినది తంగేడు బెరడు. తమిళులు ఆవారం అంటారు. మనం బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూల తంగేడే. తంగేటితో పదును చేసిన తోలు ఎండ తగిలితే ఎర్రబారుతుంది. అందుకని చివర్లో కరక్కాయ నీళ్ళు పట్టించేవారు. జవ్వాది కొండల్లాంటి అడవుల్లో కరక్కాయ ఏరుకుని బతికే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. బెరడు స్థానాన్ని చాలావరకు క్రోమియం లవణాలు ఆక్రమించినా, టానిన్‌తో పదును చేయడం పూర్తిగా పోలేదు.

టానిన్‌కు ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. పచ్చి మామిడికాయను, అరటిపువ్వును ఇనప కత్తిపీటతో తరిగిన ఎవరి వేళ్ళకైనా ఈ రసాయనం తెలుసు. తోళ్ళ పనివాళ్ళకు ఇది ఒకవైపు బెడద, ఒకవైపు సాధనం. తొట్టిలో తుప్పు పట్టిన మేకు పడితే తోలు మీద నల్ల మచ్చ పడుతుంది. నల్ల తోలు కావాలనుకుంటే వాళ్ళే ఇనప నీళ్ళు పూస్తారు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కరక్కాయ టానిన్ ఇనుముతో నీలి నలుపు ఇస్తుంది, తంగేడు టానిన్ ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు ఇస్తుంది. రెండు టానిన్ల అణునిర్మాణాలు వేరు కావడమే దీనికి కారణం. టానిన్ ఏ జాతిదో తేల్చడానికి రసాయన శాస్త్రజ్ఞులు చిరకాలంగా వాడుతున్న పరీక్ష ఇదే.

ఈ నలుపుతోనే బట్ట మీద గీతలు గీసే ఊరు శ్రీకాళహస్తి, వేలూరుకు ఉత్తరాన చిత్తూరు దాటి వెళితే వస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరూ చిత్తూరూ ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లాలో ఉండేవి. కాళహస్తి కలంకారీ కళాకారుడు బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతాడు. తరవాత వెదురు కలంతో, ఇనప తుక్కూ బెల్లమూ రోజుల తరబడి పులియబెట్టిన కసింతో గీత గీస్తాడు. గీస్తున్నప్పుడు పలచగా ఉన్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీతను పాకనివ్వదు. ఇక్కడ టానిన్ బట్టలో ఉంది, ఇనుము కలంలో ఉంది. ఆ రెండూ కలిసే చోటు కలం బయట ఉండడం వల్ల కలానికి ఏ బాధా లేదు. అన్నభేదికి (ఫెర్రస్ సల్ఫేట్‌కు) బదులు ఇనుముతో పులిసిన బెల్లం వాడడంలో ఇంకో తెలివి కూడా ఉంది. పులిసేటప్పుడు పుట్టే ఎసిటిక్ ఆమ్లం మెల్లగా ఆవిరైపోతుంది. అన్నభేది వాడితే గంధకామ్లం బట్టలోనే మిగిలి ఏళ్ళ తరబడి నూలును తింటుంది. ఐరోపాలో వందల ఏళ్ళ నాటి రాతప్రతుల్లో అక్షరాలున్న చోట కాగితం చిల్లులు పడడానికి ఒక ముఖ్య కారణం ఇదే. వాళ్ళు మాచికాయ టానిన్‌లో చాలాసార్లు అన్నభేది మోతాదుకు మించి పోశారు.

ఫౌంటెన్ పెన్నులో ఈ సౌకర్యం లేదు. టానిన్, ఇనుము రెండూ ఒకే సీసాలో, ఒకే గొట్టంలో కలిసి ఉండాలి, అయినా నల్లబడకూడదు. దారి ఏమిటంటే, ఇనుములో రెండు స్థితులున్నాయి. అన్నభేదిలోని ఫెర్రస్ ఇనుము టానిన్‌తో కలిసినా నీటిలో కరిగే ఉంటుంది, దాదాపు రంగు ఉండదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి అది ఫెర్రిక్‌గా మారాక కరగని నలుపు తయారవుతుంది. కాబట్టి ఇంకులో కొద్దిగా ఆమ్లం కలిపితే సీసాలో ఈ మార్పు మందగిస్తుంది. కాగితం మీద పలచగా పరుచుకున్న ఇంకుకు గాలి పుష్కలంగా అందుతుంది, కాగితం ఆమ్లాన్ని పీల్చేస్తుంది, గంటల్లో, రోజుల్లో నలుపు నారల లోపలే పుడుతుంది. రాసిన వెంటనే అక్షరం కనబడాలి కాబట్టి ఒక నీలి రంగు కూడా కలుపుతారు. మొదట నీలంగా రాసి తరవాత నల్లబడే ‘బ్లూ బ్లాక్’ పుట్టుక ఇది. లండన్‌లో హెన్రీ స్టీఫెన్స్ 1832లో ఇలాంటి ఇంకు వ్యాపారం మొదలుపెట్టాడు. ఇంగ్లండులో వివాహ రిజిస్టర్లు 2021 మే నెలలో కంప్యూటర్‌లోకి మారేదాకా ఈ జాతి ఇంకుతోనే నింపారు. మన భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 220 అనేది ఫౌంటెన్ పెన్ను కోసం చేసే ఫెర్రో గాలో టానేట్ ఇంకుదే. అందులో ఇనుము 0.1 శాతం. ఇనుము ఎక్కువైతే కలంలోనే మడ్డి కడుతుంది కాబట్టే ఇంత తక్కువ. సిరాబుడ్డిలో ముంచి రాసే పాత ఇంకుల్లో ఇనుము దీనికి ఎన్నో రెట్లు. అవి కలంలో పోయకూడదు. పెలికాన్ బ్లూ బ్లాక్, డయమైన్ రిజిస్ట్రార్స్, రోరర్ అండ్ క్లింగ్నర్ వారి సాలిక్స్ లాంటివి కలం కోసమే చేసిన ఇనప ఇంకులు.

ఈ ఇంకుకు శత్రువు గాలి. కలంలో సగం ఖాళీ అయిన గొట్టం నిండా ఉండేది గాలే. ఏప్రిల్, మే నెలల్లో వేలూరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి నీరు ఇగురుతుంది, ఆక్సీకరణ వేగం పెరుగుతుంది. రోజూ రాసే మంచి కలానికి ఇనప ఇంకు దాదాపు ఏ హానీ చేయదు. రాసి రాసి మరచిపోయి అరలో పడేసిన కలాన్నే అది చంపుతుంది. అందుకని ఈ ఇంకు పోసిన కలాన్ని ఆపకుండా వాడాలి, రెండు మూడు నింపుళ్ళకోసారి కడగాలి, ఊరెళితే కడిగి పెట్టి వెళ్ళాలి. కలంలో మిగిలిన ఇంకును తిరిగి సీసాలో పోయకూడదు. సీసా అడుగున నల్లటి మడ్డి కనిపిస్తే ఆ సీసా ఆయుష్షు తీరినట్టే. బంగారు పాళీకి ఆమ్లంతో భయం లేదు. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు పాళీ కూడా తట్టుకుంటుంది. పూత పోయిన చవక పాళీని మాత్రం ఇది తినేస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి వంటింట్లోనే చూసి నేర్చుకోవచ్చు. కరక్కాయ పొడిని గోరువెచ్చని నీటిలో నానబెట్టి వడగట్టండి. వేరే గిన్నెలో వినెగర్‌లో తుప్పు మేకులు మూడు నాలుగు రోజులు ఉంచండి. రెండూ చుక్క చుక్క కలపండి. కళ్ళముందే సిరా పుడుతుంది. ఇప్పుడు అందులో నిమ్మకాయ పిండండి. నలుపు విరిగి పలచబడుతుంది. సిట్రిక్ ఆమ్లం ఇనుమును టానిన్ చేతుల్లోంచి లాగేసుకుని నీటిలో కరిగించింది. చిటికెడు చాకలి సోడా వేసి ఆ పులుపును విరిచేస్తే చీకటి తిరిగి వస్తుంది. సోడా ఎక్కువైతే గోధుమరంగు మడ్డి దిగుతుంది. అది తుప్పే. (ఈ సిరాను కలంలో మాత్రం పోయొద్దు. గాజు గ్లాసులోనే దాని అందం చూడండి.)

ఇనప ఇంకు ఎండిన కలానికి ఏది మంచిదో, ఏది చెడ్డదో ఈ గ్లాసు చెప్పేసింది. పులుపు మంచిది, క్షారం చెడ్డది. ముందు మామూలు నీటితో రంగు రావడం ఆగేదాకా కడగాలి. ఆ తరవాత వంద మిల్లీలీటర్ల నీటిలో అర చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి పాళీని, దాని కింద ఇంకు అందించే నాలుకను కొన్ని గంటలు నానబెట్టాలి. దానికీ మొండికేస్తే విటమిన్ సి పొడి. అది ఫెర్రిక్ ఇనుమును తిరిగి ఫెర్రస్‌గా మార్చేస్తుంది, అంటే గాలి చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది. చప్పరించే మాత్రల్లో చక్కెర, రంగు ఉంటాయి కాబట్టి ఉత్త పొడే వాడాలి. స్టీలు పాళీని పులుపులో రాత్రంతా వదిలేయకూడదు. చింతపండు రసం వద్దు, పీచు చేరి నాలుక గాడిని మూసేస్తుంది. సబ్బు, సోడా, అమోనియా ఈ ఇంకు దగ్గరికి రానివ్వకూడదు. బ్లీచింగ్ ద్రావణం అన్నిటికన్నా చెడ్డది. అది నలుపును పోగొట్టినట్టే కనిపించి తుప్పును లోపల వదిలేస్తుంది.

రెండో రకానికి గుడియాత్తం వెళదాం. పలమనేరు అడవుల వైపు నుంచి దిగివచ్చే కౌండిన్య నది ఒడ్డున ఉన్న ఈ ఊరు లుంగీలకు పేరు. పత్తి నూలు అంటే సెల్యులోజ్. కాగితమూ సెల్యులోజే. నూలుకు రంగు పట్టించే తీరు 1950ల నడుమ మారిపోయింది. ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1954లో సెల్యులోజ్ అణువుతోనే సంయోజక బంధం కలుపుకునే రంగును కనుక్కున్నారు. 1956లో అది ప్రోసియాన్ పేరుతో అంగడికి వచ్చింది. అంతకుముందు రంగు నూలులో చిక్కుకుని ఉండేది. దీనితో రంగు నూలులో భాగమైపోయింది. అద్దకంవాళ్ళు తొట్టిలో ఉప్పు వేసి రంగును నూలులోకి తోలతారు, తరవాత సోడా వేసి బంధం బిగిస్తారు. బంధం కలవని రంగు కొంత ఎప్పుడూ మిగులుతుంది. దాన్ని పదే పదే నీళ్ళలో జాడించి వదలగొడతారు. కొత్త లుంగీ మొదటి ఉతుకులో రంగు దిగడం ఈ మిగులు వల్లే.

అమెరికాలో నేథన్ టార్డిఫ్ స్థాపించిన నూడ్లర్స్ సంస్థ ఇంకుల్లో కొన్ని కాగితపు సెల్యులోజ్‌తోనే కలిసి స్థిరపడేలా చేసినవి. వాటి పాళ్ళు సంస్థ రహస్యం. కానీ కలం సొంతదారుకు కావలసిన సంగతి సూత్రంలోనే ఉంది. మామూలు కలంలో పత్తిలాంటి సెల్యులోజ్ నార లేదు. ఎబొనైట్, ప్లాస్టిక్, స్టీలు ఏవీ ఈ రంగును తమలో కలుపుకోవు. అందుకే ఆరిపోనివ్వకుండా ఉంటే ఇలాంటి ఇంకు నీటితోనే వదులుతుంది. ఆరినా, గిన్నెలు కడిగే ద్రావణం చుక్క కలిపిన నీటిలో నానబెడితే చాలావరకు వస్తుంది. మొండి మరకకు బాగా పలచని అమోనియా వాడవచ్చు. ఇత్తడి భాగాలున్న కలాన్ని మాత్రం అందులో ఎక్కువసేపు ఉంచకూడదు. ఇక్కడ నిజంగా ప్రమాదంలో ఉన్నది చొక్కా. అది పత్తిది, కాగితానికి చుట్టం. దాని మీద పడిన చుక్క రాతలాగే నిలిచిపోతుంది. ఈ ఇంకు నింపేటప్పుడు పాత బట్ట ఒళ్ళో పరుచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కాగితం మీద కూడా నారకు అందిన రంగే స్థిరం. పైన మిగిలింది తడి వేలికి అంటుతుంది. గుడియాత్తం జాడింపు నీళ్ళలో కనబడే మిగులు లాంటిదే ఇది.

మూడోది మసి. పిగ్మెంట్ ఇంకులో రంగు కరిగి ఉండదు. మిల్లీమీటరులో పదివేలో వంతు ప్రమాణంలోని కార్బన్ రేణువులు నీటిలో తేలుతుంటాయి. వాటి మీద పూసిన పదార్థాలు ఒకదాన్నొకటి అంటనివ్వవు. నీరు పోతే రేణువులు దగ్గరై అతుక్కుంటాయి, తిరిగి నీరు పోసినా విడివడవు. జపాన్ వారి ప్లాటినం కార్బన్ బ్లాక్, సెయిలర్ కివాగురో ఈ జాతివి. వెలుతురు, నీరు, బ్లీచ్ ఏదీ కార్బన్‌ను కదపదు. చెరగనితనంలో దీన్ని మించిన ఇంకు లేదు, కలంలో ఎండితే దీన్ని మించిన శిక్షా లేదు. పులుపుకు లొంగదు, క్షారానికి లొంగదు. బల్బు సిరంజీతో నీటిని వెనకనుంచి ముందుకు తోయడం, కడిగే ద్రావణం చుక్క కలిపి నానబెట్టడం, చివరికి నగల దుకాణాల్లో, కళ్ళజోళ్ళ దుకాణాల్లో ఉండే అల్ట్రాసానిక్ తొట్టి, ఇవే మార్గాలు. స్పిరిటు, ఎసిటోన్ పోస్తే మసి పోకపోగా ప్లాస్టిక్ పగుళ్ళు తీస్తుంది. మూత గట్టిగా పట్టే కలానికే ఈ ఇంకు పోయాలి, రోజూ రాయాలి. చిత్రకారుల ఇండియన్ ఇంకు మాత్రం దేనికీ వద్దు. అందులోని లక్క ఎండితే కలం అక్కడితో సరి. ఎన్నికల్లో వేలికి పూసే ఇంకు మరీ వేరు. మైసూరులో చేసే ఆ ఇంకులో సిల్వర్ నైట్రేట్ చర్మంతోనే చర్య జరుపుతుంది. దానికీ రాతకూ సంబంధం లేదు.

కలం ఎంపిక కూడా సగం శుభ్రతే. రాజమండ్రిలో కె.వి. రత్నం 1932లో మొదలుపెట్టిన పెన్నుల తయారీ, 1935లో ఆయన పెన్నును మెచ్చుకుంటూ గాంధీజీ రాసిన ఉత్తరం తెలుగువాళ్ళకు తెలిసిన కథ. ఆ సంప్రదాయంలోని ఎబొనైట్ కలాలు, ఇప్పటికీ తిరువళ్ళూరులో రంగా వాళ్ళు చేస్తున్న కలాలు చెరగని ఇంకులకు బాగా సరిపోతాయని నా అభిప్రాయం. గొట్టంలోనే ఇంకు పోస్తాం, లోపల పిస్టన్ లేదు, రబ్బరు సంచి లేదు, పాళీనీ నాలుకనూ చేత్తో లాగి విడదీయవచ్చు. ఎండిన మసి దాక్కునే మూల లేదు. రెండు జాగ్రత్తలు చాలు. వేడి నీళ్ళు తగలకూడదు, ఎబొనైట్ నల్లటి మెరుపు పోయి గోధుమరంగుకు దిగుతుంది. గొట్టం మూడొంతులు ఖాళీ అయ్యాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకు కక్కుతుంది, ఇనప ఇంకుకు ఆ గాలే శత్రువు కూడా. కాబట్టి ఖాళీ కాకముందే నింపుకోవాలి.

వేలూరు మీదుగా పారే పాలారు నది ప్రాంతంలో నీటి గురించి రాయకుండా ఉండలేను. ఇక్కడి చాలా బోర్లలో నీరు కఠినం. సున్నపు లవణాలు, బైకార్బనేట్లు ఉన్న ఆ నీరు కొద్దిగా క్షారం. ఇనప ఇంకున్న కలాన్ని దానితో కడిగితే గ్లాసులో సోడా వేసినప్పుడు జరిగిందే చిన్న మోతాదులో జరుగుతుంది. మొదటి కడుగూ చివరి కడుగూ ఆర్వో నీటితో, లేదా పట్టుకున్న వాననీటితో చేయడం మేలు. ఈ నీటికి ఉప్పు చేరడంలో తోళ్ళ పరిశ్రమ పాత్ర న్యాయస్థానం దాకా వెళ్ళింది. వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెబుతూ, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని ప్రకటించింది, ఒక్కో టానరీకి పదివేల రూపాయల జరిమానా వేసింది. మన కలం కడిగిన చెంచాడు నీళ్ళకూ ఆ నదికి జరిగిన గాయానికీ పోలిక లేదు. అయినా ఈ ఇంకుల రసాయనం తోళ్ళ తొట్ల నుంచి, అద్దకం తొట్ల నుంచి వచ్చినప్పుడు వాటి మురుగు ఎటు పోయిందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

ఒక ఇంకు నుంచి ఇంకో ఇంకుకు మారేటప్పుడే ఎక్కువ కలాలు చెడతాయి. ఇనప ఇంకు ఆమ్లం. చాలా పిగ్మెంట్ ఇంకులు కొద్దిగా క్షారం. ఒకదాని శేషం మీద ఇంకోటి పోస్తే రెండూ విరిగి మడ్డి కడతాయి. నీరు తేటగా వచ్చేదాకా కడిగి, పాళీని నూలు గుడ్డలో చుట్టి రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున గుడ్డ మీద రంగు లేకపోతేనే కొత్తది పోయాలి.

తాతల కాలం నాటి సీసాలో ఏముందో చీటీ చెరిగి తెలియకపోతే కలానికి ముందు కాగితాన్ని అడగాలి. పుల్లతో నాలుగు గీతలు గీసి వారం రోజులు గాలికి వదిలేయండి. ఒక గీత మీద నీరు, ఒకదాని మీద నిమ్మరసం, ఒకదాని మీద బ్లీచింగ్ ద్రావణం చుక్క వేయండి. నాలుగోదాన్ని పోల్చుకోవడానికి ఉంచండి. నీటికే జారిపోతే మామూలు రంగు, ఏ కలంలోనైనా పోయవచ్చు. మొదట నీలంగా ఉండి వారంలో నల్లబడి, నిమ్మకు పలచబడి, బ్లీచ్‌కు గోధుమ మరకగా మిగిలితే ఇనప ఇంకు. అది కలం కోసం చేసిందో, ముంచి రాయడానికి చేసిందో తెలియదు కాబట్టి కలంలో పోయకండి, ముంచి రాసే పాళీకే వాడండి. నీటికి కదలకుండా బ్లీచ్‌కు ఎంతోకొంత వెలిస్తే నారను పట్టే రంగు కావచ్చు. మూడింటికీ చలించకపోతే మసి అనుకోవడమే క్షేమం. అందులో లక్క ఉందో లేదో సీసా మూత అంచున ఎండిన పొలుసు చెబుతుంది. గోటికి గాజుపెంకులా మెరుస్తూ పెళపెళ రాలితే అది చిత్రకారుల ఇండియన్ ఇంకు, కుంచెకు ఇచ్చేయండి.